గన్‌మ్యాన్ బాబాయిని అడగండి: బాత్రూంలో పిస్టల్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: బాబాయి గారూ, మాది విజయవాడ, పటమట. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది, వచ్చిన ఏడాదే పిస్టల్ కొన్నాడు. ఏదో గ్లాక్ అంటాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు, అంతవరకు బాగానే ఉంది. బయటికి వెళ్తే మాత్రం నడుము దగ్గర ప్యాంటు లోపలికి దోపుకుని పైన చొక్కా వదిలేస్తాడు. మొన్న వేసవిలో నేను మూణ్ణెల్లు వాళ్ల దగ్గరున్నాను. హ్యూస్టన్ వైపు మీనాక్షి గుడికి కారులో వెళ్తూ దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. మా ఆరేళ్ల మనవణ్ణి తీసుకుని వాడు బాత్రూంకి వెళ్లాడు. తిరిగొచ్చి కారెక్కగానే పిల్లాడు నా చెవిలో, "నానమ్మా, డాడీ గన్ పేపర్ డబ్బా మీద పెట్టి మర్చిపోయాడు. నేనే చెప్పా" అన్నాడు. నా కాళ్లూ చేతులూ ఆడలేదు. రాత్రికి వాణ్ణి అడిగితే "నీకు తెలియదులే అమ్మా" అని నవ్వేశాడు. కోడలు తల వంచుకుని గిన్నెలు సర్దుకుంది. అసలు పిస్టల్ పెట్టుకున్నవాళ్లు బాత్రూంకి వెళ్తే దాన్ని ఏం చెయ్యాలి? వాడు వినేలా నేనేం చెప్పాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చి ఈ జవాబు మొదలుపెట్టాను. మీ వాడు చేసిన పని నేనూ చేశాను. డాలస్‌లో కాదు, మన బెజవాడ స్టేషన్లో.

1994, చలికాలం. అప్పుడు నేను పల్నాడు వైపు ఒక నాయకుడి దగ్గర గన్‌మ్యాన్‌ని. ఆయన్ని పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కించాలని తెల్లారకముందే గుంటూరు నుంచి వచ్చాం. సఫారీ సూటు, నడుముకి తోలు ఒర, అందులో పాత .38 రివాల్వర్. పిడి కింద రింగుకి లాన్‌యార్డ్, అంటే అల్లిన తాడు, దాని రెండో కొస భుజానికి. ఆయన పేపర్ కొనుక్కుంటుంటే ఇంకో గన్‌మ్యాన్‌కి చెప్పి బాత్రూంకి పరిగెత్తాను. మన పద్ధతి దొడ్డి. గొంతుకూర్చుంటే పిడి డొక్కలో పొడుస్తోంది. తాడు నీళ్లలో పడేటట్టుంది. తాడు విప్పేసి, రివాల్వర్ తీసి, ఎదురుగా కిటికీ గట్టు మీద పెట్టాను. కళ్లెదుటే ఉందిగా, ఎలా మర్చిపోతాను అనుకున్నాను. ఇంతలో మైకులో బండి వివరాలు చెప్పడం మొదలైంది. అంతే, గబగబా లేచి, గొళ్లెం తీసి, పరుగు.

ఆయన వెనక ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే చెయ్యి అలవాటుగా నడుము మీదికి పోయింది. ఒర తేలిగ్గా ఉంది. ఆ తేలికదనం ఇప్పటికీ అప్పుడప్పుడూ నాకు కలలోకి వస్తుంది.

వెనక్కి పరిగెత్తాను. బాత్రూం గుమ్మంలో చీపురు అడ్డం పెట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. లైన్లో ఉన్న మగాళ్లని "కడుగుతున్నా, ఆగండయ్యా" అని కసురుతోంది. నా మొహం చూడగానే పక్కకి జరిగింది. లోపల గట్టు మీద ఆమె నేల తుడిచే గుడ్డ పరిచి ఉంది, దాని కింద రివాల్వర్. "ముట్టుకోలేదు నాయనా, పేలుద్దేమోనని. ఇంట్లో కత్తిపీటనైనా పనయ్యాక పక్కకి పడుకోబెడతాం గదా" అంది. జేబులోంచి ఇరవై రూపాయలు తీయబోతే, "ముందు నీ ఉద్యోగం చూసుకో పో" అంది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇదే ఒప్పుకోవడం. ఇప్పుడు పింఛను ఆపరులెండి.

తర్వాత చాలా ఏళ్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాలు దాచే గదిలో, వాటి బాగోగులు చూసే ఆర్మరర్‌గా చేశాను. గన్‌మ్యాన్ డ్యూటీకి కొత్తగా వెళ్లే ప్రతి కుర్రాణ్ణీ ఆయుధం చేతికిచ్చేముందు, "దొడ్డికెళ్తే ఎక్కడ పెడతావురా?" అని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఫైరింగ్ రేంజ్‌లో గురి నేర్పుతారు, విప్పి బిగించడం నేర్పుతారు గాని ఇది ఎవరూ నేర్పరు.

మీ వాడు, నేనూ మాత్రమే కాదమ్మా. 2015లో వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనంలో, అంటే వాళ్ల పార్లమెంటులో, స్పీకర్ గారి గదుల బాత్రూంలో ఒక భద్రతాధికారి మర్చిపోయిన గ్లాక్ పిస్టల్ అమ్మానాన్నలతో చూడ్డానికొచ్చిన ఏడెనిమిదేళ్ల పిల్లాడి కంట పడింది. 2020 ఫిబ్రవరిలో బ్రిటన్ మాజీ ప్రధాని డేవిడ్ కామెరూన్ బాడీగార్డ్ న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లే విమానం టాయిలెట్లో పిస్టల్‌తో పాటు పాస్‌పోర్టు కూడా వదిలేసి బయటికొచ్చాడు. తోటి ప్రయాణికుడు చూసి చెప్పాడు. వీళ్లంతా రోజూ ఆయుధంతో బతికేవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు. కాబట్టి మీ వాడు "నేను జాగ్రత్తగానే ఉంటాను" అంటే నమ్మకండి. జాగ్రత్త అనేది మనసులో ఉంటుంది. బాత్రూంలో మనసు వేరే పనిమీద ఉంటుంది.

వాడికి చెప్పాల్సింది ఇది: పిస్టల్‌ని ఒరలోంచి తియ్యొద్దు, ఒరని బెల్టు నుంచి తియ్యొద్దు. పెట్టడానికి చోటు కోసం చుట్టూ చూశాడంటే మర్చిపోవడానికి సగం దారి వెళ్లినట్టే.

అక్కడివి కమోడ్లు కాబట్టి మనకన్నా సులువు. బకిల్ విప్పేముందే ఒర ఉన్నచోట బెల్టునీ ఒరనీ కలిపి ఒక చేత్తో గుప్పిట పట్టుకోవాలి. నిండా తూటాలున్న మామూలు సైజు పిస్టల్ ముప్పావు కిలో పైనే ఉంటుంది. బెల్టు వదులవగానే ఆ బరువు ఒక్కసారి పక్కకి ఒరుగుతుంది, జారిపడేది అప్పుడే. ప్యాంటు మోకాళ్ల దాకా దించితే చాలు, మడమల దాకా వదిలేయకూడదు. కూర్చున్నాక బకిల్ మళ్లీ పెట్టేసి మోకాళ్లు కాస్త ఎడం చేస్తే బెల్టు బిగిసి ఒర కదలకుండా నిలుస్తుంది. గొట్టం ఎటు చూస్తోందో కూడా చూసుకోవాలి. పక్క గదిలో కూర్చున్న మనిషి వైపు ఉండకూడదు, నేలకేసి ఉండాలి.

మోకాళ్ల దగ్గరే అని ఎందుకు చెబుతున్నానంటే, మీరు చూసే ఉంటారు, అక్కడి బాత్రూం గదుల గోడలు నేల దాకా ఉండవు. కింద జానెడు పైనే ఖాళీ, పక్కవాడి బూట్లు కనిపిస్తుంటాయి. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు మొదటిరోజు నాకు ఆ గదుల్లో పని జరగలేదు, సిగ్గుతో. అలాంటి చోట ప్యాంటు మడమల మీద కుప్పపోస్తే పక్కవాడికి పిస్టల్ పిడి కనిపిస్తుంది. వాడు కేక పెట్టి పోలీసులకి ఫోన్ చేస్తే వాడి తప్పేం లేదు. నేల మీద పెడితే కింద నుంచి చెయ్యి చాపి లాగేసుకోవచ్చు. తలుపుకుండే కొక్కేనికి తగిలిస్తే పైనుంచి లాగేసుకోవచ్చు. మీ వాడు ప్యాంటు ఎక్కించుకుని బయటికొచ్చేసరికి దొంగ హైవే మీద ఉంటాడు.

కొక్కెం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కొందరు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో కొక్కెం దూర్చి పిస్టల్‌ని చొక్కా తగిలించినట్టు తగిలిస్తారు. రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. తీసేటప్పుడు ఆ కొక్కెమే వేలి పని చేస్తుంది. పైగా మీ వాడి గ్లాక్‌కి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఉంటుంది, ట్రిగ్గర్ లాగితే అదీ తొలగిపోతుంది. అందుకే దాని ఒర గట్టిగా ఉండి, ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసేయాలి. మెత్తటి గుడ్డ సంచీలు, ఒర లేకుండా ఉత్తినే దోపుకోవడం పనికిరావు. మీరు "దోపుకుంటాడు" అని రాశారు. ఒరతోనా, ఒర లేకుండానా? ముందు అది అడగండి.

ఎంత చెప్పినా ఏదో ఒక రోజు తీయక తప్పకపోవచ్చు. అప్పుడు పిస్టల్ ఒక్కదాన్నే కాకుండా ఒరతో సహా తీసి, దించిన ప్యాంటులో, రెండు కాళ్ల మధ్య ఉండే ఉయ్యాలలాంటి చోట పెట్టాలి. లేచి ప్యాంటు పైకి లాక్కోవాలంటే అది చేతికి తగలాల్సిందే. పేపర్ డబ్బా మనతో లేవదు, ఫ్లష్ ట్యాంకు మనతో రాదు.

జారి పడుతుంటే పట్టుకోబోవద్దని గట్టిగా చెప్పండి. చెంబు పడితే పట్టుకోవడం మనందరికీ అలవాటు. పిస్టల్ విషయంలో ఆ అలవాటే ప్రమాదం, గాలిలో అందుకునే వేలు సరిగ్గా ట్రిగ్గర్ మీద పడుతుంది. ఇప్పటి మంచి పిస్టళ్లు కిందపడినంత మాత్రాన పేలకుండా చేస్తారు. పడనిచ్చి, ఆగాక, గొట్టం ఎటుందో చూసి, పిడి పట్టుకుని తీయాలి.

గొళ్లెం తీసేముందు ఒకసారి నడుము తట్టి చూసుకోవాలి. నేనైతే మూడుసార్లు తట్టేవాణ్ణి, మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. రిటైరయ్యాక కూడా బాత్రూంలోంచి వస్తూ నడుము తట్టుకుంటానట.

ఇక పిల్లాడి సంగతి. వాడు ముట్టుకోకుండా పెద్దవాళ్లకి చెప్పాడు చూశారా, ఆ కారులో ఉన్నవాళ్లలో సరైన పని చేసినవాడు వాడొక్కడే. దానికి వాడికో మంచి బొమ్మ కొనివ్వండి, తుపాకి బొమ్మ కాకుండా. పిల్లాడు వెంట ఉన్నప్పుడు వాణ్ణి మీరో, కోడలో తీసుకెళ్లండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండని పిల్లలకి పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకి అందేలా అజాగ్రత్తగా వదిలేయడం నేరం. ఆ పిల్లవాడు పేల్చి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే శిక్ష ఇంకా పెద్దది. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ 21 ఏళ్లు దాటినవాళ్లు, చట్టప్రకారం అర్హత ఉంటే, లైసెన్సు లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. తిరగనిచ్చారు గాని ఎక్కడ పడితే అక్కడ వదిలేసి వచ్చే వీలు ఇవ్వలేదు.

ఇదే చదువుతున్న మిగతా అమ్మలకి ఒక మాట. మీ పిల్లలు హెచ్‌1బీ వీసా మీద ఉంటే, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర పెట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. స్నేహితుడి పిస్టల్‌తో ఫొటో దిగి వాట్సాప్‌లో పంపితే మురిసిపోకండి.

గుడికి వెళ్తూ పిస్టల్ ఎందుకని మీరు అడగలేదు, నేనూ అడగను. "నీకు తెలియదులే" అన్నాడని నొచ్చుకోకండి. ఈ పేజీ ఫొటో తీసి వాడికి పంపండి. తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టి, చాంబర్, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు, కూడా ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఇంటి బాత్రూంలో పదిసార్లు కూర్చుని లేవమనండి. ఆ పదిలో ఎన్నిసార్లు పిస్టల్ పక్కకి ఒరిగిందో వాడికే తెలుస్తుంది. మీకు చెప్పకపోవచ్చు. మనవడు చెబుతాడు.

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని. .32 రివాల్వర్‌కి లైసెన్సు ఉంది. వసూళ్లకి చిలకలూరిపేట, నరసరావుపేట వెళ్లి నగదుతో తిరిగొస్తుంటాను. దారిలో బస్టాండు మరుగుదొడ్లే గతి. ప్యాంటు పూర్తిగా విప్పి భుజాన వేసుకుంటే గాని నాకు కుదరదు. అందుకని రివాల్వర్ డ్రైవర్‌కి ఇచ్చి వెళ్తాను. పదేళ్లుగా ఉన్న నమ్మకమైన మనిషి. తప్పేమన్నా ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నగదు సంచి కూడా అతనికే ఇచ్చి వెళ్తున్నారా? ఇవ్వరని నాకు తెలుసు.

లైసెన్సు మీ పేరు మీద ఉంది, డ్రైవర్ పేరు మీద లేదు. 1959 ఆయుధాల చట్టంలో చిన్న వెసులుబాటు ఉన్న మాట నిజమే. లైసెన్సుదారు సమక్షంలోగాని, రాతపూర్వక అనుమతితోగాని, రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో, లైసెన్సుదారు వాడుకోవడానికో మరొకరు మోయొచ్చు. మీరు లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చుంటే అది సమక్షం ఎలా అవుతుంది? ఆ ఐదు నిమిషాల్లో ఒక కానిస్టేబుల్ కారు దగ్గరికొచ్చి "ఏంటది?" అంటే మీ నమ్మకమైన మనిషి స్టేషన్‌కి వెళ్తాడు, వెనకే మీరూ వెళ్తారు. కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టి వెళ్లడం ఇంతకన్నా అన్యాయం. అద్దం పగలగొట్టడానికి ఎంతసేపు?

మీ బాధ మాత్రం నిజమైందే. ప్యాంటు భుజాన వేసుకునేవాడికి నడుము ఒర పనికిరాదు, తలకిందులవుతుంది. మీకు భుజానికి తగిలించుకునే ఒర కావాలి, షోల్డర్ హోల్‌స్టర్ అంటారు. చంక కింద ఉంటుంది, ప్యాంటుతో దానికి సంబంధం లేదు. మీది వదులు చొక్కానే అయ్యుంటుంది, బయటికి కనపడదు. గొంతుకూర్చుని ముందుకి వంగితే జారకుండా పైన బటన్ పట్టీ ఉన్నది చూసి తీసుకోండి. 2016 ఆయుధాల నిబంధనలు చెప్పేది కూడా ఇదే: చేతి తుపాకి బయటికి తీసుకెళ్తే ఒరలో పూర్తిగా కప్పి, మోసేవాడి అదుపులో ఉండాలి. తోలు ఒర అయితే మన గుంటూరు ఎండల్లో చంక చెమటకి నాలుగు నెలల్లో ఉప్పు తేలుతుంది, రివాల్వర్‌కి తుప్పు మచ్చలు పడతాయి. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి పలచగా నూనె రాయండి. రాత్రి తోలు ఒరలోనే వదిలేయకండి.

పాత మోడల్ రివాల్వర్ అయితే తూటాని కొట్టే సుత్తి కింద ఉండే తూటా గదిని ఖాళీగా ఉంచండి, ఆరుకి బదులు ఐదే. కిందపడి సుత్తికి దెబ్బ తగిలినా తూటా లేని గది మీద పడుతుంది. కొత్తవాటికి లోపలే అడ్డు ఉంటుంది. మీది ఏదో అమ్మిన షాపువాణ్ణి అడగండి.

ఒకవేళ పోయిందనుకోండి, ముందు బావమరిదికి ఫోన్ చేసి, డ్రైవర్‌ని తిట్టి, రెండు గంటలు వెతికి, ఆ తర్వాత స్టేషన్‌కి వెళ్లొద్దు. వెంటనే దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో చెప్పాలన్నది మీ లైసెన్సు షరతుల్లోనే ఉంది, ఇంటికెళ్లి ఆ పుస్తకం తిరగేయండి. తిరునాళ్లకి, ఊరేగింపులకి తీసుకెళ్లకూడదని కూడా అందులోనే ఉంటుంది. నరసరావుపేట దాకా వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను, శివరాత్రికి కోటప్పకొండ ఎక్కేరోజు దాన్ని ఇంట్లో తాళం వేసి వెళ్లండి.

ప్రశ్న: సార్, నేను మహిళా కానిస్టేబుల్‌ని. ఒక నాయకురాలి దగ్గర పీఎస్‌వోగా, అంటే వ్యక్తిగత భద్రతాధికారిగా, వేశారు. చుడీదార్‌లోనే డ్యూటీ, పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో. ఫంక్షన్ హాళ్లలో బాత్రూంకి వెళ్తే కొక్కెం ఉండదు, ఉన్నా నమ్మలేను, నేలంతా తడి. మేడమ్ పీఏకి బ్యాగ్ ఇచ్చి వెళ్లమంటున్నారు.
– విజయవాడ నుంచి

జవాబు: ఇవ్వొద్దమ్మా. ఆ పిస్టల్ మీ పేరున ఇష్యూ అయింది, పీఏ గారి పేరున కాదు.

చేతికి తగిలించుకునే బ్యాగ్ మానేసి, పొడవాటి పట్టీతో మెడలోంచి అడ్డంగా వేసుకునేది కొనండి. గొంతుకూర్చున్నప్పుడు దాన్ని ముందుకి తిప్పుకుంటే ఛాతీకీ మోకాళ్లకీ మధ్య ఇరుకుతుంది, పడదు, తడవదు. చున్నీ మెడ చుట్టూ చుట్టేయండి, లేకపోతే పట్టీకి చిక్కుకుంటుంది. పిస్టల్‌ని ఒరతో సహా దానికంటూ ఉన్న విడి అరలో పెట్టండి. ఆ అరలో దువ్వెన, తాళాలు, సేఫ్టీ పిన్ను, పెన్ను ఏవీ ఉండకూడదు. ఒర లేని పిస్టల్ పక్కన పెన్ను ఉంటే అది ట్రిగ్గర్ దగ్గర ఎలా దూరుతుందో నేను చూశాను. చేతులు కడుక్కునేటప్పుడు కూడా బ్యాగ్ తీసి సింక్ పక్కన పెట్టకండి. అద్దం ముందు నలుగురు ఉంటారు, మీరు మొహం మీద నీళ్లు చల్లుకుని కళ్లు మూసుకుంటారు.

ఇంకోటి. లాన్‌యార్డ్ ఇప్పుడు చాలామంది వాడడంలేదు గాని స్టోర్స్‌లో అడిగితే ఉంటుంది. మీ పిస్టల్ పిడికి రింగు ఉంటే ఒక కొస దానికి, రెండో కొస బ్యాగ్ లోపల కుట్టించిన గట్టి రింగుకి. తడుస్తుందేమోనని ఆ తాడు మాత్రం విప్పకండి. నేను విప్పింది అదే.